సాంబారుకు కులం పేరెందుకు?

ప్రశ్న: ఖమ్మం జిల్లాలో ఒక ఊరి హైస్కూల్లో తెలుగు చెప్తాను. మొన్న మధ్యాహ్న భోజనాల దగ్గర ఏడో తరగతి పిల్ల ఒకతి ప్లేటు చాపి, నోట్లో పెట్టుకున్న ముద్ద మింగీ మింగకుండానే "ఛీ, సాంబారు చండాలంగా ఉంది" అంది. వడ్డిస్తున్న అక్క గరిటె బకెట్లోనే ఆగిపోయింది. ఏమీ అనలేదు. కాసేపటికి వెనకున్న పిల్లకు వడ్డించింది. ఆ అక్క ఎస్సీ కాలనీ నుంచి వస్తుంది. పిల్లకు ఆ మాట లోతు తెలియదని నాకు తెలుసు. పిలిచి చెప్దామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. ఆ మాటకు అసలు అర్థం ఏమిటి? మనం వాడే అర్థం ఎలా వచ్చింది? దాని బదులు ఏం వాడమని చెప్పాలి?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: అమ్మా, ఆ గరిటె ఆగడం మీ కంట పడింది. చాలామంది కంట పడదు. అందుకే ఈసారి మీ ఉత్తరానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

చండాలం అనేది రుచి పేరు కాదు, వాసన పేరు కాదు, గుణం పేరూ కాదు. అది మనుషుల పేరు. శూద్ర పురుషుడికి, బ్రాహ్మణ స్త్రీకి పుట్టినవాడు చండాలుడని మనుస్మృతి పదో అధ్యాయం చెప్తుంది. వాళ్ళు ఎలా బతకాలో కూడా అక్కడే ఉంది: ఊరి బయట ఉండాలి, చచ్చినవాళ్ళ బట్టలు కట్టుకోవాలి, పగిలిన పాత్రల్లో తినాలి, ఇనుప నగలు పెట్టుకోవాలి, కుక్కలూ గాడిదలే వాళ్ళ ఆస్తి. అయిదో శతాబ్దం మొదట్లో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్ కళ్ళారా చూసింది రాసుకున్నాడు. చండాలురు ఊళ్ళోకి వచ్చేటప్పుడు కర్ర ముక్క మీద కొట్టి చప్పుడు చేస్తూ రావాలి, ఆ చప్పుడు విని మిగతావాళ్ళు తప్పుకుంటారు. ఇందులో ఆ మనుషుల స్వభావం గురించి ఒక్క ముక్క లేదు. ఉన్నదంతా వాళ్ళకు ఎదుటివాళ్ళు చేసింది.

ఇక ఆ పేరు సాంబారు దాకా ఎలా దిగిందో చూడండి. మొదట చండాలుడు అనే మనిషి. ఆ తర్వాత 'చండాలపు పని', 'చండాలపు బుద్ధి' – అంటే అలాంటివాడు చేసే పని, అలాంటివాడికి ఉండే బుద్ధి అని తిట్టు. ఆ తర్వాత మనిషిని వదిలేసి 'చండాలం' అని విడిగా నిలబెట్టారు. చివరికి ఒక 'గా' తగిలించారు. 'చండాలంగా' అనేసరికి మనిషి పూర్తిగా కనుమరుగైపోయాడు. సినిమా, రోడ్డు, చేతిరాత, కాఫీ, ట్రాఫిక్ అన్నీ చండాలంగా ఉండటం మొదలైంది. సంస్కృతంలో ఈ చివరి మెట్టు లేదు. రుచి బాగా లేని కూరకు ఈ మాట అంటగట్టింది మనం, మన తెలుగులో. పైగా అసహ్యం చాలలేదన్నట్టు మొదటి అక్షరానికి ఒత్తు తగిలించి 'ఛండాలం' అని కూడా చేశాం. తెలుగువాడికి చీదర ఎక్కువైతే 'ఛ' పలుకుతుంది: ఛ, ఛీ, ఛీఛీ. ఆ ఊపిరి బలమంతా ఈ మాటలోకీ ఎక్కింది.

"మేం కులం ఉద్దేశించి అనలేదండీ, అలవాటుగా వచ్చేసింది" అంటారు చాలామంది. నేను నమ్ముతాను. నిజంగానే నూటికి తొంభైమంది ఉద్దేశించి అనరు. కానీ మాట అన్నవాడి ఉద్దేశం దగ్గరే ఆగదు. వినేవాళ్ళు కూడా ఉంటారు కదా. మా కాలేజీలో ఒకసారి ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన పెద్దమనిషి ఇంటర్ మొదటి సంవత్సరం అబ్బాయి నోట్సు తెరిచి, క్లాసందరి ముందూ "ఏమిటయ్యా ఈ చండాలపు రాత" అన్నాడు. ఆ అబ్బాయి లేచి నిలబడి రెండు చేతులూ డెస్కు మీద ఆనించాడు. వేళ్ళ కొసలు తెల్లబడ్డాయి. నోట్సు తిరిగి ఇస్తే అందుకోవడానికి చెయ్యి పైకి లేవలేదు. పక్కనున్న పిల్లవాడు అందుకొని బెంచీ మీద పెట్టాడు. ఆ పెద్దమనిషి అప్పటికే తర్వాతి వరుసలోకి వెళ్ళిపోయాడు. ఆయన చెడ్డవాడని నేను అనను. కానీ ఆ మాట ఆ పిల్లవాడి దాకా ఏ అర్థంతో చేరిందో ఆయనకు ఆ రోజూ తెలియదు, తర్వాతా తెలిసి ఉండదు.

పిల్లకు ఎలా చెప్పాలో అడిగారు. అందరి ముందూ వద్దు. ఆ అక్క కులం ఎత్తనే వద్దు, ఆమెకు అది ఇంకో అవమానం అవుతుంది. పిల్లను పక్కకు పిలిచి మామూలుగా చెప్పండి: "అది ఒకప్పుడు కొంతమంది మనుషుల్ని ఊరి బయట పెట్టి పిలిచిన పేరమ్మా. వాళ్ళ మనవలు, మునిమనవలు మన మధ్యే ఉన్నారు. మనం తినేదాన్ని వాళ్ళ పేరుతో తిట్టకూడదు." ఏడో తరగతి పిల్లకు ఇది చక్కగా అర్థమవుతుంది. వెంటనే ఇంకో ప్రశ్న వెయ్యండి: సాంబారుకు ఏమైంది? ఉప్పు ఎక్కువైందా, చప్పగా ఉందా, నీళ్ళలా ఉందా, అడుగంటిందా, మాడు వాసనా, పప్పు ఉడకలేదా, పొద్దుటిది పాచిపోయిందా? తెలుగులో వంట తప్పులకు ఉన్నన్ని మాటలు ఇంకెక్కడా ఉండవేమో అనిపిస్తుంది నాకు. 'చండాలంగా' అనే ఒక్క మాట వీటన్నిటినీ మింగేసింది. పిల్ల వెళ్ళి "అక్కా, ఇవ్వాళ ఉప్పెక్కువైంది" అంటే ఆ అక్క నొచ్చుకోదు, రేపు చెయ్యి తగ్గిస్తుంది. పాచిపోయిందంటే అది హెడ్మాస్టరు దాకా వెళ్ళాల్సిన సంగతి. సరైన మాట దొరికితే ఫిర్యాదుకు కూడా బలం వస్తుంది.

మీ తెలంగాణలోనే ఇంకో మంచి మాట ఉంది: గలీజు. ఉర్దూ నుంచి వచ్చి మనదైపోయింది. మురికికీ వాడతారు, పాడు పనికీ వాడతారు. "గలీజు మాటలు మాట్లాడకు" అని తల్లి పిల్లవాణ్ణి కసురుతుంది. అందులో ఏ కులమూ లేదు, మురికి ఒక్కటే ఉంది.

ఇంకొక్క సంగతి చెప్పి ఈ జవాబు ముగిస్తాను. మాది చీరాల. 1985 జూలైలో మా పక్కనున్న కారంచేడులో ఏం జరిగిందో అందరికీ తెలుసు. మాదిగవాడ తాగే నీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే, ఇవి మేం తాగే నీళ్ళని ఆ వాడవాళ్ళు అడ్డు చెప్పారు. ఒకామె తన మీదికి వచ్చినవాళ్ళకు ఎదురుగా బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, ఊరి భూస్వాముల మంద ఆ వాడ మీద పడి ఆరుగురిని చంపింది. మిగిలినవాళ్ళు చీరాల వచ్చి తలదాచుకున్నారు. ఆ శిబిరంలో చంకన పిల్లలతో, చేతిలో ఏమీ లేకుండా కూర్చున్న ఆడవాళ్ళను చూశాను. తాగే నీటిలో మురికి కలిపింది ఎవరు, శుభ్రమైన నీళ్ళు కావాలన్నది ఎవరు, తరతరాలుగా మురికివాళ్ళన్న పేరు మోస్తున్నది ఎవరు? అసహ్యాన్ని చెప్పే మాటలన్నీ తప్పు దిక్కుకు తిరిగి ఉన్నాయని నాకు ఆ రోజుల్లోనే తెలిసివచ్చింది. మీ తరగతి గదిలో ఒక్క పిల్లను మీరు ఇటు తిప్పగలిగితే అది చిన్న పని కాదు.


ప్రశ్న: ఈ మధ్య ప్రతి మాటలోనూ కులం వెతకడం ఎక్కువైంది. 'చండ' అంటే తీవ్రమైన అని కదా. చండి, ప్రచండం, చండభానుడు అన్నీ అందులోంచి వచ్చినవే. పైగా మన పెద్దలు 'కర్మచండాలుడు' అన్నారు, అంటే పుట్టుకను కాదు, నడతను బట్టే అన్నారు. శంకరాచార్యులు కాశీలో చండాలుడికి నమస్కరించారు. అలాంటప్పుడు మాటను నిషేధించడం దేనికి?
– రాజమండ్రి నుంచి ఒక పెద్దాయన

జవాబు: అయ్యా, మీ మాటల్లో నిజం ఉంది. ఉన్నంతవరకు ఒప్పుకుంటాను. చండాల పదాన్ని 'చండ' నుంచి సాధించినవాళ్ళు ఉన్నారు. కానీ ధాతువు ఏదైనా, వందల ఏళ్ళుగా ఆ మాట ఎవరిని చూపిస్తూ వచ్చిందో అదే దాని అర్థం. 'ప్రచండంగా ఉంది' అంటే ఎవరి ప్రాణమూ చివుక్కుమనదు. 'చండాలంగా ఉంది' అంటే చివుక్కుమనేవాళ్ళు ఉన్నారు. ఈ తేడా ధాతుపాఠంలో దొరకదు.

కర్మచండాలుడు అన్న మాటలో ఉద్దేశం మంచిదే. చేసిన మేలు మరిచినవాడు, చాడీలు చెప్పేవాడు ఏ కులంలో పుట్టినా వాడే నీచుడు అని చెప్పడానికి దాన్ని కల్పించారు. కానీ ఒక్కసారి ఆలోచించండి. చెడ్డవాణ్ణి తిట్టడానికి కొలత ఏమయింది? ఊరవతల బతికే ఆ కష్టజీవి పేరే అయింది. "నువ్వు పుట్టుకతో కాకపోయినా పనితో అంతటివాడివి" అన్నప్పుడు, పుట్టుకతో అయినవాడు ఏ తప్పూ చెయ్యకుండానే ఆ కొలతలో కింద ఉండిపోయాడు. ఆ మాట కృతఘ్నుడికి శిక్ష వేసింది సరే, పక్కనున్న నిరపరాధికి కూడా వేసింది.

శంకరుల కథ మీరే గుర్తు చేశారు. దారికి అడ్డం తొలగమంటే, తొలగాల్సింది దేహమా, లోపలి చైతన్యమా అని ఆ చండాలుడు అడిగాడు. ఆ ప్రశ్నకు ఆచార్యుడు తల వంచాడు. చండాలుడైనా ద్విజుడైనా ఆ జ్ఞానం ఉన్నవాడే గురువు అన్నాడు. మన అన్నమయ్య అయితే ఇంకా నేల మీదికి దించాడు. మెండైన బ్రాహ్మణుడు మెట్టే భూమి, చండాలుడుండే సరిభూమి ఒకటే అని పాడాడు. ఈ ఇద్దరూ ఆ మాటను వాడింది మనిషిని చూపించడానికి, చూపించి పక్కన నిలబడటానికి. కూరను తిట్టడానికి కాదు. వాళ్ళను సాక్ష్యం తెస్తే ఆ సాక్ష్యం నా వైపే ఉంటుంది.

మీ గోదావరి తీరంలో హరిశ్చంద్ర నాటకం చూడనివాళ్ళు మీ వయసులో ఉండరు. కాటి సీను గుర్తు తెచ్చుకోండి. సత్యం కోసం అమ్ముడుపోవడానికి నిలబడ్డ రాజును వెల ఇచ్చి కొన్నది చండాలుడైన కాటికాపరి వీరబాహుడు. అడిగిన సొమ్ము ఇచ్చాడు, పని చెప్పాడు. హరిశ్చంద్రుణ్ణి వేధించినవాడు ఆయన కాదు. అదే కాటి సీనులో "ఇచ్చోటనే" అని నటుడు రాగం తీస్తే జనం వన్స్‌మోర్ అంటారే, ఆ పద్యాలు గుర్రం జాషువావి. వినుకొండలో పుట్టి, కులం పేరున అడుగడుగునా అవమానాలు తిన్న కవి ఆయన. ఆ పద్యాలకు కళ్ళు తుడుచుకున్న మనమే మర్నాడు పొద్దున్న కాఫీ ఆయన పుట్టిన వాడల పేరుతో తిట్టుకుంటున్నాం.

ఇక నిషేధం. నేను ఏ మాటనూ నిషేధించమనలేదు. నిఘంటువులో ఉండాలి, చరిత్ర పాఠంలో ఉండాలి, అన్నమయ్య పాటలో ఉండాలి. పేరు మార్చుకోవడానికి మనుషులు ఎంత పోరాడారో కూడా తెలియాలి. 1917 నవంబరులో బెజవాడలో దళిత నాయకుడు భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన పంచమ మహాసభ అని పిలిచిన సభ, మేం పంచములం (నాలుగు వర్ణాల బయట అయిదోవాళ్ళం) కాదు, ఆది ఆంధ్రులం అని చెప్పింది. తమకు ఎవరో పెట్టిన పేరును ఆ మనుషులు అంత కష్టపడి దించుకున్నారు. అలాంటి ఇంకో పేరును మనం మాత్రం ఉప్మా మీద, ట్రాఫిక్ మీద వేసి రోజూ మోయిస్తున్నాం. నేను అడిగేది ఆ వాడకం ఒక్కటే మానమని.


ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. ఇక్కడ వసంతకాలంలో ఉరుములు, మెరుపులు చాలా ఎక్కువ. మా అమ్మ వచ్చినప్పుడు మా అబ్బాయికి "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అని నేర్పింది. అందులో 'బీభత్స' వచ్చేసరికి వాడు ఆగి, "అమ్మమ్మా, బీభత్సం అంటే తుపాను కదా, అర్జునుడి పేరెలా అయింది?" అని అడిగాడు. వాడి తెలుగు అంతా టీవీ వార్తల తెలుగు. మాకెవరికీ జవాబు తెలియలేదు.

జవాబు: మీ అబ్బాయికి నా ముద్దులు. ఈ ప్రశ్న ఎం.ఏ. పిల్లలు కూడా అడగరు.

బీభత్స అంటే మొదటి అర్థం తుపాను కాదు, అసహ్యించుకోవడం. భరతుడి నాట్యశాస్త్రంలో ఎనిమిది రసాల్లో బీభత్సం ఒకటి, జుగుప్స, అంటే రోత, దానికి స్థాయీభావం, ఆ రసానికి మూలమైన భావం. ఆ రసానికి రంగు నీలం, అధిదేవత మహాకాళుడు. కుళ్ళు, నెత్తురు, పురుగులు చూసి ముఖం తిప్పుకోవడం ఆ రసం. యుద్ధభూమి వర్ణనల్లో అది ఎక్కువగా రావడం వల్ల నెమ్మదిగా 'ఘోరం', 'విధ్వంసం' అనే అర్థం పైకొచ్చింది. ఇప్పుడు మనకు తుపాను బీభత్సం, వరద బీభత్సం, గజరాజుల బీభత్సం మాత్రమే మిగిలాయి. కుర్రకారు "బీభత్సంగా ఉంది మామా" అని మెచ్చుకోవడానికి కూడా వాడుతున్నారు. దానికి నాకేం అభ్యంతరం లేదు. ఎవరికీ తగలదు.

అర్జునుడి పేరు మాత్రం బీభత్సుడు. విరాటపర్వంలో ఉత్తర కుమారుడు "నువ్వే అర్జునుడివైతే పది పేర్లకూ అర్థం చెప్పు" అంటాడు. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు ఒక్కో పేరూ విప్పుతూ, యుద్ధం చేస్తూ ఉండగా ఎప్పుడూ బీభత్సమైన పని చెయ్యను కనుక నన్ను దేవతలూ మనుషులూ బీభత్సుడు అంటారు అని చెప్తాడు. అంటే రోత పనిని చూసి రోసేవాడు. ఎదుటివాణ్ణి చూసి ముఖం చిట్లించేవాడు కాదు, తన చేతులు ఏ పని చెయ్యకూడదో తెలిసినవాడు. మీవాడికి ఇలా చెప్పండి: చేతిలో విల్లు ఉంది, గెలిచే బలం ఉంది, అయినా చెయ్యరాని పనులు కొన్ని ఉన్నాయని అనుకునేవాడి పేరు అది. పది పేర్లలో నాకు ఇష్టమైన పేరు ఇదే.


ప్రశ్న: నేను కథలు రాస్తుంటాను. నా కథలో ఒక అమ్మాయి, తండ్రి లంచం తీసుకుంటుండగా చూస్తుంది. ఆమెకు కలిగినదాన్ని 'జుగుప్స' అని రాస్తే పుస్తకం భాషలా ఉందన్నారు మిత్రులు. 'అసహ్యం' అంటే చప్పగా ఉంది. రోత, ఏవగింపు, కంపరం, వెగటు – వీటిలో తేడాలు చెప్పగలరా?
– అనంతపురం నుంచి

జవాబు: మీ మిత్రులు చెప్పింది సగమే నిజం. జుగుప్స పుస్తకం మాటే, కానీ దాని లోపల ఉన్నది మీ కథకు చాలా దగ్గర. దాని మూలధాతువు 'గుప్' – కాపాడుకోవడం, దాచుకోవడం. తనను తాను కాపాడుకోవాలని వెనక్కి తగ్గడమే జుగుప్స. సంస్కృత వ్యాకరణంలో దీనికి ఒక ప్రత్యేకమైన నియమం ఉంది. దేన్ని చూసి జుగుప్స కలిగిందో ఆ మాటకు పంచమీ విభక్తి వస్తుంది, దేని నుంచి దూరంగా పోతామో దానికి వచ్చే విభక్తి. పతంజలి మహాభాష్యంలో ఇచ్చిన ఉదాహరణ చచ్చిన కుక్కో, మురికి గుంటో కాదు. 'అధర్మాత్ జుగుప్సతే' – అధర్మం నుంచి రోసి తప్పుకుంటాడు. మరి కాలు కదపకుండా తప్పుకోవడం ఏమిటి? ఆలోచన ఉన్న మనిషి ఈ అధర్మం దుఃఖమే, దీనితో నాకు పని లేదని గ్రహించి, బుద్ధితో దాని దాకా వెళ్ళి వెనక్కి మళ్ళుతాడని ఆయన వివరణ. రెండు వేల ఏళ్ళ నాటి వ్యాకరణ పుస్తకంలో మీ అమ్మాయి నిలబడి ఉంది. గుమ్మం దాటకుండానే ఆమె మనసు నాన్న దగ్గరి దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

అయినా కథలో నేనైతే 'రోత' వాడతాను. అచ్చ తెలుగు, గట్టి మాట. రోయడం అనే క్రియ నుంచి వచ్చింది. ధూర్జటి తన మనసు మీద తానే విసిగి 'రోసీ రోయదు' అంటాడు. రోసినట్టే ఉంటుంది, మళ్ళీ అదే సుఖం వెంట పోతుంది అని. ఆ రెండు మాటల్లో మనిషి బలహీనత మొత్తం పట్టేశాడు. మీ కథలో తండ్రికి కూడా ఒకప్పుడు ఆ డబ్బంటే రోత ఉండి, అది పోయిందేమో ఆలోచించండి. కథ ఇంకా లోతుకు పోతుంది. రోత ఒంటికీ పుడుతుంది, నీతికీ పుడుతుంది. రెంటికీ చెల్లే మాటలు మనకు తక్కువ. "రోత పుట్టింది", "రోత బతుకు", "విసిగి రోసి" – ఏ ఊళ్ళో అయినా తెలుస్తుంది.

కంపరం ఒంటిది. ఎవరో తాకరాని చోట తాకినప్పుడు ఒంటి మీద పాకేది. బస్సులో పక్క సీటువాడి చూపుకు ఆడపిల్లకు కలిగేది కంపరం, రోత కాదు. ఏవగింపు నిలవ ఉండేది. ఒకరోజు పుట్టి పోదు. మనిషి మీద, అలవాటు మీద ఏళ్ళ తరబడి పెరుగుతుంది, పైకి కనిపించకపోవచ్చు. ఈసడింపు నోట్లోంచి వచ్చేది, ఎదుటివాడు వినేది. వెగటు అసలు నీతి మాటే కాదు, తీపి ఎక్కువైతే వచ్చేది. పాయసం వెగటు పుట్టవచ్చు, పొగడ్త వెగటు పుట్టవచ్చు, లంచం వెగటు పుట్టదు.

అసహ్యం చప్పబడిందన్నారు, నిజమే. సంస్కృతంలో దానికి 'సహించలేనిది' అని అర్థం, అసహ్యమైన ఎండ అన్నా చెల్లుతుంది. మనం దాన్ని రోతకు పరిమితం చేసి, అతిగా వాడి, మొద్దు చేశాం. బొద్దింకకూ అదే, హత్యకూ అదే.

ఒక సలహా. ఏ మాటా రాయకుండా చూడండి. తండ్రి ఆ కవరు దిండు కింద పెట్టడం, సాయంత్రం ఆమెకు ఇష్టమైన మైసూర్‌పాక్ పొట్లం తేవడం, ఆమె ఆ పొట్లం దారం విప్పకుండా ఫ్రిజ్ మీద పెట్టేయడం రాయండి. అక్కడ పాఠకుడికి రోత తనంతట తానే పుడుతుంది.


ప్రశ్న: నేను విజయవాడలో ఒక పత్రికలో సబ్ ఎడిటర్‌ని. ప్రతి నాయకుడి ప్రకటనలోనూ 'హేయమైన చర్య' అని ఉంటుంది. కొందరు 'ఏహ్యమైన చర్య' అని పంపుతారు. ఏది ఒప్పు? పదేపదే వాడి అరిగిపోయిన ఈ మాటకు బదులు ఏముంది?

జవాబు: హేయం ఒప్పు. విడిచిపెట్టవలసినది అని అర్థం. దానికి ఎదురు మాట ఉపాదేయం, అంటే తీసుకోవలసినది. 'ఏహ్యం' వాడుకలో బాగా పాతుకుపోయింది. 'ఏహ్యభావం' అని మంచి రచయితలు కూడా రాస్తున్నారు. దాన్ని కొట్టెయ్యమనను. కానీ 'చర్య' ముందు హేయమే ఉంచండి.

బదులు మాట కోసం నిఘంటువు తెరవకండి. ప్రకటన పంపినవాళ్ళను ఒకటి అడగండి: ఏం జరిగింది? ఒక మనిషిని మ్యాన్‌హోల్‌లోకి తాడు లేకుండా, మాస్కు లేకుండా దింపి, ఊపిరాడక చనిపోతే 'హేయమైన ఘటన' అని రాసి ఊరుకోకండి. రక్షణ లేకుండా మనిషిని అలా దింపడాన్ని 2013లో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. కోలార్ బంగారు గనుల పట్నంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ పని పోవాలని జీవితమంతా ధారపోశాడు, 2016లో రామన్ మెగసెసే అవార్డు అందుకున్నాడు. దింపినది ఎవరు, ఎవరి కాంట్రాక్టు, మనిషి వయసెంత, ఇంట్లో ఎవరున్నారు – ఇవి రాయండి. నాయకుడి ప్రకటనకు చివర్లో రెండు లైన్లు చాలు. అందులో 'హేయం' ఉన్నా ఫర్వాలేదు.